ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్ కొంటున్నారా? మీ వెనక యాక్సిల్ రేషియో అడగనివాళ్ళకి డబ్బు కట్టొద్దు

పాత కారుకి ఐదు గేర్ల ఓవర్‌డ్రైవ్ బాక్స్ (చివరి గేరులో ఇంజన్ కంటే వెనక షాఫ్ట్ వేగంగా తిరిగే గేర్‌బాక్స్) వేయించుకోవాలని చూస్తున్నవాళ్ళు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. నేను అనుకున్న ఖర్చు కాక ఇంకో 1,750 డాలర్లు, ఏడు నెలల సమయం పోగొట్టుకున్నాను. కొన్న వస్తువులో ఏ లోపమూ లేదు. నా కారుకి అది జోడీ కాదు, అంతే. ఆ సంగతి ఒక్క నిమిషం లెక్కతో ముందే తేలేది.

మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. కారు 1966 ఫోర్డ్ మస్టాంగ్. 289 ఘనపు అంగుళాల వీ8 ఇంజన్, రెండు బారెళ్ళ కార్బురేటర్, మూడు గేర్ల మాన్యువల్ బాక్స్. వెనక 8 అంగుళాల యాక్సిల్, రేషియో 2.80. టైర్లు 205/70 ఆర్14, అంటే ఎత్తు దాదాపు 25.3 అంగుళాలు. హైవే మీద ఇంజన్ ఇంకొంచెం నెమ్మదిగా తిరిగితే చప్పుడు తగ్గుతుంది, పెట్రోలు మిగులుతుంది అన్న ఆశతో ఓవర్‌డ్రైవ్ కోసం వెతకడం మొదలుపెట్టాను.

ఒక విక్రేత దగ్గర ట్రెమెక్ కంపెనీ టీ-5జెడ్ బాక్స్ కిట్ దొరికింది. బెల్ హౌసింగ్ (ఇంజన్‌కి బాక్స్‌ని కలిపే గూడు), క్లచ్‌తో కలిపి 3,400 డాలర్లు. మొదటి గేరు 2.95, ఐదో గేరు 0.63 (వెనక షాఫ్ట్ ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ తిరిగే చుట్లు). మూడుసార్లు ఫోన్‌లో మాట్లాడాను. కారు ఏ సంవత్సరం, ఇంజన్ ఏది, పాత బాక్స్ ఏది అని అడిగారు. బోల్టులన్నీ సరిగ్గా పడతాయని హామీ ఇచ్చారు. అవి పడ్డాయి కూడా. వెనక యాక్సిల్ ఎంత అని మాత్రం ఒక్కసారీ అడగలేదు. అది అడగాలని నాకూ తెలియదు.

బిగించాక మొదటి నాలుగు గేర్లు చాలా హాయిగా ఉన్నాయి. మొదటి గేరు పాతదానికంటే కాస్త మేలే. కానీ ఐదో గేరు దేనికీ పనికిరాలేదు. 70 మైళ్ళ వేగంలో ఐదులో వేస్తే ఇంజన్ 1,640 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర తిరుగుతోంది. చదునైన రోడ్డు మీద, గాలి వెనక నుంచి వీస్తుంటే ఎలాగో నెట్టుకొస్తుంది. ఎదురుగాలి ఉన్నా, ఓవర్‌పాస్ ఎక్కినా బండి లాగట్లేదు. ఓక్లహోమా వైపు ఐ-35 మీద ఆర్బకిల్ కొండలు వస్తాయి. అక్కడ మా ఇంట్లోవాళ్ళం నలుగురం కూర్చుని వెళ్తుంటే ఐదో గేరులో కారు వణికింది, ఇంజన్‌లోంచి టకటకమని నాకింగ్ వినిపించింది. నాలుగులోకి దించి ఆ ఘాట్ రోడ్డంతా ఎక్కించాను. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఇంకో విషయం, మైలేజీ పెరగలేదు సరికదా, కాస్త తగ్గింది. నాకిది మొదట అర్థం కాలేదు. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువ బరువు లాగాల్సి వస్తే మనం యాక్సిలరేటర్ లోతుగా తొక్కుతాం. అప్పుడు మానిఫోల్డ్‌లో (ఇంజన్‌లోకి గాలి వెళ్ళే గొట్టంలో) వాక్యూమ్ పడిపోతుంది. ఈ కారులో ఉన్న ఆటోలైట్ 2100 లాంటి కార్బురేటర్లలో పవర్ వాల్వ్ అని ఉంటుంది. వాక్యూమ్ తగ్గగానే అది తెరుచుకుని అదనంగా పెట్రోలు పోస్తుంది. అంటే ఆదా కోసం వేసిన గేరే పెట్రోలు తాగింది. ఆ 289 ఇంజన్‌కి గరిష్ఠ టార్క్ 282 పౌండ్ ఫుట్లు, అది వచ్చేది 2,400 ఆర్‌పీఎం దగ్గర. నేను దాన్ని 1,640 దగ్గర పట్టుకుని కొండ ఎక్కమంటున్నాను.

అసలు కారణం చెప్పింది విజయవాడలో ఉన్న మా మావయ్య. చాలా ఏళ్ళు లారీ నడిపాడు, ఆటోనగర్‌లో షెడ్ల చుట్టూ తిరిగినవాడు. కారులోంచి తీసిన వీడియో పంపితే, చప్పుడు విని వెంటనే ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఇంజన్ మూలుగుతోందిరా. టాప్ గేరు బరువైపోయింది. వెనక క్రౌన్‌కి ఎన్ని పళ్ళు, పినియన్‌కి ఎన్ని?" అన్నాడు. మూడు ఫోన్ కాల్స్‌లో విక్రేత అడగని ప్రశ్న మావయ్య మొదటి నిమిషంలోనే అడిగాడు.

మన దగ్గర క్రౌన్ పినియన్ అనేదాన్నే ఇక్కడ రింగ్ అండ్ పినియన్ అంటారు. 2.80 అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ 2.8 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ఇది హైవేకి అనువైన పొడుగు రేషియో, అంటే నంబరు చిన్నది, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది. పాత మూడు గేర్ల బాక్స్‌లో, టాప్ గేరులో, 70 మైళ్ళకి నా ఇంజన్ 2,600 మాత్రమే తిరిగేది. అంటే ఇంజన్‌ని నెమ్మదిగా తిప్పే పని ఫోర్డ్ వాళ్ళు యాక్సిల్‌లోనే చేసిపెట్టారు. దాని మీద నేను మళ్ళీ 0.63 ఓవర్‌డ్రైవ్ వేశాను. కూరలో అమ్మ ఒకసారి ఉప్పు వేశాక తెలియక నాన్న ఇంకోసారి వేసినట్టయింది. 0.63 లాంటి ఓవర్‌డ్రైవ్‌తో అసలు లాభం 3.50 దాటిన యాక్సిల్ ఉన్న కార్లకి.

లెక్క ఇదీ. వేగం మైళ్ళలో తీసుకుని గేరు రేషియోతో, యాక్సిల్ రేషియోతో, 336తో గుణించి, టైరు ఎత్తు అంగుళాల్లో ఎంతో దాంతో భాగించాలి. వచ్చేదే ఆర్‌పీఎం. 336 ఎక్కడిదంటే, మైలుకి 63,360 అంగుళాలు. దాన్ని నిమిషానికి మార్చడానికి 60తో, చుట్టుకొలత కోసం π (పై, 3.1416)తో భాగిస్తే వస్తుంది. నా కారుకి 70 × 0.63 × 2.80 × 336 ÷ 25.3. ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిస్తే చాలు.

రెండో లెక్క ఇంకా తేలిక. మొదటి గేరుని యాక్సిల్‌తో గుణించండి. వీధుల్లో తిరిగే కారుకి అది 10కి అటూ ఇటూ ఉంటే బండి హాయిగా కదులుతుంది. 8 దగ్గర ఉంటే బయల్దేరేటప్పుడు క్లచ్ సగం తొక్కి నడపాలి, 12 దాటితే మొదటి గేరు ఇలా వేయగానే అలా అయిపోతుంది. నాది 8.26. అలాగే చివరి గేరుని యాక్సిల్‌తో గుణిస్తే 2.0 నుంచి 2.5 మధ్య రావాలి, కార్బురేటర్ ఉన్న పాత చిన్న వీ8లకి నేనైతే ఇదే చెబుతాను. నాది 1.76.

విక్రేతకి ఇదంతా చెబితే, 1987 నుంచి 1993 వరకు వచ్చిన 5.0 మస్టాంగులకి ఫ్యాక్టరీలోనే 2.73 యాక్సిల్‌తో టీ-5 ఇచ్చారుగా అన్నారు. నిజమే. కానీ ఆ బాక్స్‌లో మొదటి గేరు 3.35, ఐదోది 0.68. ఇంజన్‌కి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. అంత చేసినా ఆ కార్ల యజమానులు ముందుగా మార్పించేది ఆ 2.73 యాక్సిల్‌నే, చాలామంది 3.55 వేయిస్తారు. మీకూ ఈ మాట చెబితే ఒప్పుకోకండి. బాక్స్ పేరు ఒకటే అయినా లోపలి పళ్ళు వేరు. వాపసు తీసుకోమని అడిగితే, ఒకసారి ఆయిల్ పోసిన బాక్స్‌ని తిరిగి తీసుకునేది లేదన్నారు. బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ఆ మాట ఉంది.

ఇక్కడే రెండో తప్పు చేశాను. దగ్గర్లో ఉన్న ఒక షాపుకి వెళ్తే, ఐదో గేరు మరీ పొడుగు కాబట్టి వెనక 4.11 వేద్దాం అన్నారు. మళ్ళీ లెక్క వేయకుండా 950 డాలర్లు కట్టాను. ఐదో గేరు బాగుపడింది, 70కి 2,400. కానీ మొదటి గేరు లెక్క 12 దాటింది. సిగ్నల్ దగ్గర బయల్దేరితే జంక్షన్ సగం దాటకముందే రెండోది వేయాలి. దానికి తోడు 65 దాటగానే నేల అదరడం మొదలైంది. బండి వేగం అదే అయితే ప్రొపెల్లర్ షాఫ్ట్ వేగం గేర్‌బాక్స్ మీద ఆధారపడదు, యాక్సిల్, టైర్ల మీదే ఆధారపడుతుంది. 70 దగ్గర 2,600 తిరిగే షాఫ్ట్ ఇప్పుడు 3,800 తిరుగుతోంది. అరవై ఏళ్ళ షాఫ్ట్‌లో ఇన్నాళ్ళు దాగి ఉన్న బ్యాలెన్స్ లోపం ఆ వేగంలో బయటపడింది. యాక్సిల్ రేషియో నంబరు పెంచేటప్పుడు షాఫ్ట్ బ్యాలెన్స్ చేయించమని షాపు వాళ్ళు చెప్పాల్సింది.

చివరికి 3.55 వేయించాను. ఈ 8 అంగుళాల యాక్సిల్‌లో ఒక సౌకర్యం ఉంది. వెనక మూత ఉండదు, ముందు నుంచి నట్లు విప్పితే డిఫరెన్షియల్ మొత్తం ఒకే ముద్దగా బయటికి వస్తుంది. దాన్ని థర్డ్ మెంబర్ అంటారు. ముందే సెట్ చేసిన 3.55 థర్డ్ మెంబర్ తెప్పించి వేయిస్తే, షాఫ్ట్ బ్యాలెన్స్‌తో కలిపి 800 డాలర్లు అయింది. అదే ఏడాది ఆరు సిలిండర్ల మస్టాంగులకి 7.25 అంగుళాల యాక్సిల్ ఉంటుంది, అందులో ఇలా కుదరదు. జీఎం 12 బోల్టుల యాక్సిల్ ఉన్నవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. రేషియోని బట్టి లోపలి క్యారియర్ (క్రౌన్‌ని పట్టుకునే భాగం) కూడా మారుతుంది. క్రౌన్ పినియన్ మాత్రమే కొంటే పడకపోవచ్చు.

ఇప్పుడు మొదటి గేరు లెక్క 10.47. ఐదులో 70కి 2,080. నాలుగు నుంచి ఐదుకి దూకుడు మాత్రం ఇంకా ఎక్కువే. 0.63 కాబట్టి 60 మైళ్ళకి 2,830 నుంచి ఒక్కసారిగా 1,780కి పడుతుంది. అందుకే 65 దాటాకే ఐదు వేస్తున్నాను. మొదట్లోనే లెక్క వేసి ఉంటే నేను ఈ బాక్స్ కొనేవాణ్ణే కాదు. యాక్సిల్ ముట్టుకోకూడదు అనుకునేవాళ్ళకి, వెనక 3.00 ఉంటే, ట్రెమెక్ వాళ్ళదే ఇంకో ఐదు గేర్ల బాక్స్ అయిన టీకేఎక్స్‌లో 3.27 మొదటి గేరు, 0.72 ఐదో గేరు ఉన్న రకం చూడండి. 9.8, 2.16 వస్తాయి. నా టైర్లతో 70కి దాదాపు 2,000. టీకేఎక్స్‌లోనే 2.87 మొదటి గేరుతో 0.68 ఐదోది ఉన్న రకం కూడా ఉంది. అదే 3.00 యాక్సిల్‌కి అది వేస్తే 8.6, 2.04 వస్తాయి, అంటే మొదటి గేరు దగ్గర నాలాగే ఇబ్బంది పడతారు. ఆర్డర్‌లో పేరు ఒక్కటే రాయించుకోకండి, అయిదు గేర్ల రేషియోలూ రాయించుకోండి.

కారు డోర్ మీద ప్లేటులో ఉన్న యాక్సిల్ కోడ్‌ని నమ్మకండి. ఇన్నేళ్ళలో ఎవరో ఒకరు మార్చి ఉండొచ్చు. గేర్‌ని న్యూట్రల్‌లో పెట్టి, ముందు చక్రాలకి అడ్డం వేసి, వెనక ఒక చక్రం మాత్రం గట్టి స్టాండ్ మీదికి ఎత్తండి. హ్యాండ్ బ్రేక్ వదిలేసి ఆ చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే మీ రేషియో. సుద్దముక్కతో గీత గీసుకుంటే తేలిక. ఇది మామూలు డిఫరెన్షియల్‌కే పనిచేస్తుంది. లిమిటెడ్ స్లిప్ (రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగకుండా పట్టుకునే రకం) ఉంటే రెండు చక్రాలూ ఎత్తి, రెండూ కలిసి ఒక చుట్టు తిరిగేలా చూడాలి.

సెకండ్‌హ్యాండ్ టీ-5 కొనేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నాలుగు సిలిండర్ల కార్ల నుంచి తీసినవి, చిన్న ట్రక్కుల నుంచి తీసినవి కూడా బయటి నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. వాటిలో మొదటి గేరు 4.00 దగ్గర ఉండేవి ఉన్నాయి. టెయిల్ హౌసింగ్ (బాక్స్ వెనక భాగం) బోల్టు కింద 1352తో మొదలయ్యే నంబరున్న చిన్న రేకు ఉంటుంది. అది లేకపోతే ఐదో గేరులో వేసి ఇన్‌పుట్ షాఫ్ట్‌ని పది చుట్లు తిప్పమనండి. వెనక దాదాపు 16 చుట్లు తిరిగితే 0.63, పదిహేనుకి కాస్త తక్కువైతే 0.68, పదమూడుకి కాస్త తక్కువైతే 0.79. అమ్మేవాళ్ళు తిప్పి చూపించనంటే వచ్చేయండి.

స్పీడోమీటర్ సంగతి కూడా నాకెవరూ చెప్పలేదు. యాక్సిల్ మార్చినప్పుడల్లా బాక్స్‌కి బిగించే చిన్న ప్లాస్టిక్ గేరు మారాలి. లోపలి డ్రైవ్ గేరు 7 పళ్ళది అయితే, నా టైర్లకి 2.80తో 16 పళ్ళది, 3.55తో 20 పళ్ళది పడుతుంది. మార్చకపోతే 60లో వెళ్తుంటే ముల్లు 76 చూపిస్తుంది. నేను రెండు వారాలు అలాగే నడిపాను, టోల్‌వే మీద అందరూ నన్ను దాటిపోతుంటే కారణం తెలియలేదు. ఆ గేరు ఖరీదు కొద్ది డాలర్లే. కిట్ కొనేటప్పుడే దాన్ని కూడా ఆర్డర్‌లో రాయించుకోండి, ఎన్ని పళ్ళో చెప్పి మరీ.