ట్రావెల్ ట్రైపాడ్: బరువు తర్వాత, ముందు కింది గొట్టం చూడండి

కెమెరాని నిలబెట్టే మూడు కాళ్ల స్టాండే ట్రైపాడ్. దాని పెట్టె మీద బరువు పెద్ద అక్షరాల్లో వేస్తారు. నిజంగా చూడాల్సిన కొలతలు రెండూ ఏ మూలో ఉంటాయి, ఒక్కోసారి అసలు ఉండవు. ఒకటి, కాలులో అన్నిటికన్నా కింది గొట్టం లావు ఎన్ని మిల్లీమీటర్లు. రెండు, సెంటర్ కాలమ్ (కాళ్ల మధ్య నుంచి పైకి లేచే కర్ర) ఎత్తకుండా ఎంత ఎత్తు వస్తుంది. నాలుగు సెక్షన్ల (అంటే కాలులో ఒకదానిలోకి ఒకటి దూరే గొట్టాలు నాలుగున్న) అల్యూమినియం ట్రైపాడ్ ఒకటి, ఐదు సెక్షన్ల కార్బన్ ఫైబర్‌ది ఒకటి హైదరాబాద్‌లోనూ, ఇక్కడి నుంచి వెళ్లే ప్రయాణాల్లోనూ ఏళ్ల తరబడి వాడాక ఈ రెండు కొలతల దగ్గరే నా లెక్క తేలింది.

ముందు బరువు సంగతి. ఈ సైజులో అల్యూమినియంది హెడ్‌తో (పైన కెమెరా కూర్చునే భాగంతో) కలిపి కిలోన్నర చుట్టూ, కార్బన్‌ది కిలోంబావు చుట్టూ ఉంటుంది. తేడా పావుకిలో నుంచి మూడు వందల గ్రాములు. ధర మాత్రం చాలా కంపెనీల్లో దాదాపు రెట్టింపు. కొండలెక్కేవాళ్లకి, రోజంతా బ్యాగు భుజాన మోసేవాళ్లకి ఆ డబ్బు దండగ కాదు. పైగా కార్బన్‌లో వణుకు త్వరగా చల్లారుతుంది. లంబసింగి చలిలో పట్టుకున్నా చెయ్యి జివ్వుమనదు, మన మే ఎండలో పట్టుకున్నా కాలదు. కారులో వెళ్లి, దిగిన చోటే నిలబెట్టి తీసేవాళ్లకి అల్యూమినియం చాలు, మిగిలిన డబ్బు మంచి హెడ్‌కి పెట్టొచ్చు.

గొట్టాల లెక్క చూద్దాం. ఒక్కో సెక్షన్‌కి సుమారు 3 మిల్లీమీటర్ల లావు తగ్గుతూ వస్తుంది. 25తో మొదలైన నాలుగు సెక్షన్ల కాలు 16 దగ్గర ఆగుతుంది. 22తో మొదలైన ఐదు సెక్షన్ల కాలు 10కి దిగుతుంది. గోడ మందం, పొడవు, పదార్థం ఒకటే అయితే గొట్టం వంగకుండా నిలిచే బలం సుమారుగా వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. అంటే 16 మిల్లీమీటర్ల గొట్టం 10 దాని కన్నా నాలుగు రెట్లు గట్టిది. ఐదో సెక్షన్ పెట్టడం వల్ల మడిచినప్పుడు నాలుగైదు సెంటీమీటర్లు కలిసొస్తాయి కానీ, నేలకి ఆనేది ఆ పుల్లలాంటి గొట్టమే. నా కార్బన్ ట్రైపాడ్‌లో ఐదో సెక్షన్‌ని ఎత్తు నిజంగా చాలనప్పుడే లాగుతాను. ఎవరికైనా ఇదే చెబుతాను: లావు గొట్టాలు ముందు, సన్నది ఆఖరున.

ఎత్తు విషయంలో ప్రకటనల్లో కనిపించే 150 సెంటీమీటర్లు కాలమ్ పూర్తిగా లేపితే వచ్చేది. కాలమ్ లేపాక కెమెరా మూడు కాళ్ల మీద నిలబడినట్టు కాదు, ఒంటి కర్ర మీద నిలబడినట్టే. కాలమ్ దించి 125 నుంచి 130 సెంటీమీటర్లు వస్తే చాలు. హెడ్ ఓ పది, కెమెరా ఇంకో ఎనిమిది కలుపుకుంటే వ్యూఫైండర్ 145 దగ్గరికి వస్తుంది. కొంచెం వంగాలి, అంతే. స్క్రీన్ తిరిగే కెమెరాకి ఆ బాధ కూడా లేదు. కాలమ్ దించి 110 కూడా రానిది ఎంత తేలికైనా తీసుకోవద్దు.

చాలామంది పొరబడేది హెడ్ దగ్గర. కాళ్లు ఎంత మంచివైనా బాల్ హెడ్ (బంతి మీద అన్ని వైపులా తిరిగే హెడ్) జారితే అంతా వృథా. ఫ్రేమ్ సరిచేసి, నాబ్ బిగించి, చెయ్యి తీయగానే లెన్స్ ముక్కు ఓ వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. ల్యాండ్‌స్కేప్‌లో తెలియదు, 200 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే క్షితిజ రేఖ కదిలిపోతుంది. కారణం బాల్ చిన్నది కావడం, లేదా దాన్ని పట్టుకునే లోపలి కప్పు ప్లాస్టిక్‌ది కావడం. పెట్టె మీద ‘8 కిలోలు మోస్తుంది’ అని ఉంటే, కెమెరా నిటారుగా ఉన్నప్పుడు విరగదని అర్థం. జారదని కాదు. అందులో మూడో వంతే నిజమనుకుని కొనండి. కెమెరా అడుగున బిగించే ప్లేట్ ఆర్కా స్విస్ తరహాదై (చాలా కంపెనీలు పాటించే కొలతదై) ఉండాలి. అప్పుడు ఏ కంపెనీ ప్లేటైనా, ఎల్ బ్రాకెట్ (కెమెరాని నిలువుగా కూడా కూర్చోబెట్టే ఎల్ ఆకారపు పట్టీ) అయినా దాదాపు ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది. సొంత కొలతల ప్లేట్ ఇచ్చే హెడ్ అయితే, పరాయి ఊళ్లో ఆ ప్లేట్ పోగొట్టుకున్న రోజున ట్రైపాడ్ ఉన్నా లేనట్టే. పనోరమా తీసేవాళ్లు హెడ్‌ని అడ్డంగా మాత్రమే తిప్పడానికి అడుగున విడి నాబ్ ఉందో లేదో చూడాలి. చాలా తేలికపాటి వాటిలో అది ఉండదు.

కోఠి, అబిడ్స్ షాపుల్లో కొనేటప్పుడు మీ కెమెరా, మీ దగ్గరున్న అతి పొడవైన లెన్స్ వెంట తీసుకెళ్లండి. కాళ్లన్నీ పూర్తిగా లాగించండి, కాలమ్ దించే ఉంచండి. హెడ్‌ని అరచేత్తో పట్టుకుని జాడీ మూత తిప్పినట్టు అటూ ఇటూ తిప్పండి. కాళ్లు మెలితిరిగినట్టు అనిపిస్తే పక్కన పెట్టేయండి. తర్వాత లైవ్ వ్యూలో (కెమెరా స్క్రీన్ మీద) బొమ్మని పది రెట్లు జూమ్ చేసి ఒక కాలిని వేలితో కొట్టండి. బొమ్మ ఒకటి రెండు సెకన్లలో కుదురుకుంటే మంచిది. కాలమ్ లేపి అదే మళ్లీ చేయండి, నేను పైన చెప్పింది కళ్లతోనే కనిపిస్తుంది. కాళ్ల లాక్‌లన్నీ మూడు నాలుగు సార్లు తెరిచి మూయండి. షాపులో మొరాయించే లాక్ ఊటీలో బుద్ధిగా ఉండదు.

దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి రాత్రి లైట్లకి ఐఎస్ఓ 100, ఎఫ్ 8 దగ్గర ఎనిమిది నుంచి పదిహేను సెకన్లు పడుతుంది. చెరువు గట్టు నుంచి తీస్తే ఏ ట్రైపాడ్ అయినా నిలుస్తుంది. వంతెన మీద నుంచి, ఫ్లైఓవర్ మీద నుంచి తీస్తే బండి పోయిన ప్రతిసారీ కాంక్రీటే అదురుతుంది, దానికి ఏ కార్బనూ మందు కాదు. బండ్ల మధ్య ఖాళీ చూసి, చిన్న ఎక్స్‌పోజర్లు నాలుగైదు తీసి తర్వాత కలుపుకోవాలి. ట్యాంక్‌బండ్ మీద హుస్సేన్‌సాగర్ గాలికి మెడ పట్టీ రెపరెపలాడి కెమెరాని ఊపుతుంది. దాన్ని తీసేయండి, లేదా హెడ్‌కి చుట్టేయండి. కాలమ్ కింది కొక్కేనికి బ్యాగు తగిలిస్తే, అది గాలిలో ఊగనివ్వకుండా అడుగు నేలకి తగిలేలా దించాలి. ఊగే బ్యాగు మేలుకన్నా కీడే చేస్తుంది. ఒక కాలు లెన్స్ చూసే వైపు ఉండాలి. వాలు మీదైతే రెండు కాళ్లు పల్లం వైపు, ఒకటి ఎత్తు వైపు. రెండు సెకన్ల టైమర్ పెట్టండి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిదిద్దే ఏర్పాటు) ఆపండి, ముఖ్యంగా పాత లెన్సుల్లో.

ఒక మాట ముందే తెలిసి ఉండాలి. చార్మినార్, గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, లోపల ట్రైపాడ్ వాడాలంటే ముందస్తు అనుమతి కావాలి. అది లేకుండా గేటు దాకా మోసుకెళ్లడం వృథా శ్రమ.

ట్రైపాడ్ ఆయుష్షు తీసేది సముద్రపు ఇసుక. సూర్యలంకలోనో భీమిలిలోనో నీటి అంచున నిలబెట్టేటప్పుడు కింది సెక్షన్‌ని జానెడు లాగి ఉంచండి. అప్పుడు లాక్ తడికీ ఇసుకకీ పైన ఉంటుంది. మూసేముందు గొట్టాన్ని గుడ్డతో తుడవాలి, తుడవకుండా లోపలికి తోస్తే ఇసుకని మనమే లాక్‌లోకి నెట్టినట్టు. గదికొచ్చాక కాళ్లన్నీ లాగి మంచినీళ్లతో కడిగి, అలాగే నీడలో ఆరబెట్టండి.

తిప్పే లాక్ కరకరమంటే విప్పక తప్పదు. ఒకసారి ఒక కాలే విప్పండి, భాగాలు కలిసిపోతే అవస్థ. కాలర్‌ని (లాక్‌లో చేత్తో తిప్పే కట్టుని) పూర్తిగా వదులు చేసి కిందికి జరిపి గొట్టం బయటికి లాగితే, దాని పై అంచున రెండు అర్ధచంద్రాకారపు ప్లాస్టిక్ ముక్కలు ఊడి పడతాయి. గొట్టం తిరగకుండా ఆపేవి అవే. ఏ గాడిలో ఏ వైపు కూర్చున్నాయో విప్పుతూనే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మరలని పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్లలో తోమి ఆరబెట్టి, మర మీద మాత్రమే పల్చగా గ్రీజు రాయండి. ఆ ప్లాస్టిక్ ముక్కలకో గొట్టానికో గ్రీజు అంటితే లాక్ బిగించినా కాలు జారుతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టొద్దు, ఉన్న గ్రీజు కరిగిపోయి దుమ్ము ఇంకా పట్టుకుంటుంది. క్లిప్ లాక్‌లకి ఇంత సేవ అక్కర్లేదు, వదులైతే ఆలెన్ కీతో కొంచెం బిగిస్తే సరి. కాళ్ల కీళ్ల బోల్టులూ అంతే: కాలిని అడ్డంగా లేపి వదిలితే టపీమని పడకుండా మెల్లగా దిగాలి.

ఎండాకాలం కారు డిక్కీలో ట్రైపాడ్ వదిలేయకండి. రబ్బరు పాదాల జిగురు మెత్తబడి అవి ఎక్కడో రాలిపోతాయి, కార్బన్ కాళ్లలో గొట్టాన్ని లోహపు కాలర్‌కి పట్టి ఉంచేది కూడా జిగురే. స్పేర్ పాదం ఒకటి, ఆలెన్ కీ ఒకటి బ్యాగులో ఉంచుకోండి.

విమానంలో అయితే 40 సెంటీమీటర్లకి మడిచేది క్యాబిన్ బ్యాగులో సులువుగా పడుతుంది, కానీ దేశంలోపలి ఎకానమీ టికెట్లకి ఎక్కువగా ఉండే 7 కిలోల హద్దులో అది కిలోన్నర తినేస్తుంది. పైగా తనిఖీలో అనుమతించడం అక్కడి సిబ్బంది చేతిలో ఉంటుంది. పాదాలకి ఇనుప మొనలుంటే ఊడదీసి చెకిన్ సామానులో వేయండి. ట్రైపాడ్‌నే చెకిన్‌లో వేస్తే హెడ్ విప్పి బట్టల మధ్య చుట్టి పెట్టండి. దిగాక మళ్లీ బిగించేటప్పుడు, హెడ్ కిందున్న ప్లేట్‌లో చిన్న స్క్రూలు ఉంటే ముందు వాటిని వదులు చేసి, హెడ్ పూర్తిగా కూర్చున్నాకే బిగించండి.