పెట్టెలో ఐదు, చేతిలో రెండు: కార్డ్‌లెస్ సెట్‌ని కొన్నేళ్లు వాడాక

బ్యాటరీతో నడిచే 18 వోల్టుల కార్డ్‌లెస్ టూల్స్ సెట్ ఒకటి కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఇంటి పనులకీ, ఫర్నిచర్ ఫిట్టింగుల్లాంటి సైటు పనులకీ ఇదే. హ్యామర్ మోడ్ ఉన్న డ్రిల్, ఇంపాక్ట్ డ్రైవర్, సర్క్యులర్ సా, యాంగిల్ గ్రైండర్, టార్చి, 2 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ నిల్వ కొలత) బ్యాటరీలు రెండు, ఒక ఛార్జర్ కలిపి వచ్చిన పెట్టె అది. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పేవాటిలో చాలావరకు ఏ కంపెనీ సెట్‌కైనా వర్తిస్తాయి.

రోజూ బయటికొచ్చేది ఇంపాక్ట్ డ్రైవర్. దాని వెంట డ్రిల్. సర్క్యులర్ సా అప్పుడప్పుడు, గ్రైండర్ అరుదుగా. టార్చి మాత్రం కరెంటు పోయినప్పుడల్లా ఇంట్లోవాళ్లు పట్టుకుపోతారు, తిరిగి పెట్టెలోకి రాదు. ఇందులో నాకేం ఆశ్చర్యం లేదు. పెట్టె మీద పీసుల సంఖ్య పెంచడానికి టార్చి ఎంత పనికొస్తుందో, సైట్లో అంత తక్కువ పనికొస్తుంది. సెట్ చూసేటప్పుడు ముందు బ్యాటరీల సైజు, తర్వాత మీరు రంధ్రాలు వేసే గోడ, ఆ తర్వాతే పీసుల లెక్క.

డ్రిల్‌తో కూడా స్క్రూలు బిగించొచ్చు కదా, మళ్లీ ఇంపాక్ట్ డ్రైవర్ దేనికని అడుగుతుంటారు. చిన్న స్క్రూలైతే నిజంగానే తేడా తెలియదు. గట్టి చెక్కలోకి మూడంగుళాల స్క్రూ దించేటప్పుడు తెలుస్తుంది. డ్రిల్ అయితే సగం దిగేసరికి స్క్రూ మొండికేస్తుంది, మోటారు బలమంతా మణికట్టు మీదకి వస్తుంది. స్క్రూ తిరగకపోతే చెయ్యి తిరుగుతుంది. ఇంపాక్ట్ డ్రైవర్ మొదట మామూలుగానే తిరుగుతుంది. చెక్క పట్టేయగానే లోపలున్న సుత్తి తిరిగే దిశలోనే దెబ్బలు వెయ్యడం మొదలుపెడుతుంది. టకటకటకమని మోత వస్తుంది, చేతికి మెలి రాదు, స్క్రూ తల దాకా దిగిపోతుంది. నిచ్చెన మీద ఒంటిచేత్తో పని చేసేటప్పుడు దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. డ్రిల్ మీద 50, 60 న్యూటన్ మీటర్లనీ, దీని మీద 150, 180 అనీ రాసి ఉంటుంది. అలాగని మూడు రెట్ల బలమని లెక్క కట్టకండి. ఒకటి నిలకడగా తిప్పే బలం, రెండోది దెబ్బ పడిన క్షణంలో వచ్చే బలం.

దీంతో చిక్కులూ ఉన్నాయి. మూసిన గదిలో ఆ మోత చెవులకి మంచిది కాదు, ఇయర్ ప్లగ్‌లు పెట్టుకోవాల్సిందే. పైగా డ్రిల్‌కి ఉన్నట్టు దీనికి క్లచ్ రింగు, అంటే బలం ఒక హద్దు దాటగానే తిప్పడం ఆపే రింగు, ఉండదు. పార్టికల్ బోర్డులో అర సెకను ఎక్కువ నొక్కితే స్క్రూ తల లోపలికి దిగబడిపోతుంది, సన్న స్క్రూ అయితే మెడ దగ్గర తెగుతుంది. అందుకే అలమర తలుపుల మడతబందులు నేనెప్పుడూ డ్రిల్‌తోనే బిగిస్తాను. క్లచ్ రింగు 4 మీదో 5 మీదో పెడితే స్క్రూ కూర్చోగానే కటకటమని వదిలేస్తుంది. మామూలు బిట్లు ఇంపాక్ట్ దెబ్బలకి ముక్కలవుతాయి కాబట్టి, ఇంపాక్ట్ కోసం చేసినవే విడిగా కొనుక్కోండి. సెట్‌తో ఇచ్చే బిట్ల పెట్టెని నేను లెక్కలోకే తీసుకోను.

ఇక గోడ. సెట్ అమ్మేటప్పుడు ఎక్కువ తికమక ఇక్కడే జరుగుతుంది. డ్రిల్ మీద సుత్తి బొమ్మ ఉంటే కాంక్రీటుకి పనికొస్తుందనే అనుకుంటాం. ఆ మోడ్‌లో జరిగేది ఇంతే: రెండు పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి జారుతూ బిట్‌ని కొద్దికొద్దిగా ముందుకు ఎగరేస్తాయి. నిమిషానికి 20 వేలకి పైగా దెబ్బలు, కానీ ఒక్కో దెబ్బలో బలం అంతంతమాత్రం. వెనకనుంచి మనం ఎంత నొక్కితే అంత. ఇటుక గోడలో 6 ఎంఎం రంధ్రం ఎర్రపొడి రాలుస్తూ సెకన్లలో పడుతుంది, రావల్ ప్లగ్ హాయిగా కూర్చుంటుంది. అదే కర్టెన్ రాడ్ కోసం కిటికీ పైనున్న బీమ్‌లో వేసి చూడండి. మొదటి సెంటీమీటరు ప్లాస్టరింగు కాబట్టి సర్రున దిగుతుంది. తర్వాత పొడి బూడిదరంగుకి మారుతుంది, మోత సన్నబడుతుంది, బిట్ ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ఇంకా ఒత్తిడి పెడితే బిట్ కొన నీలంగా మారి, చివరనున్న కార్బైడ్ ముక్క అతుకు వదిలేస్తుంది.

అక్కడ కావాల్సింది ఎస్‌డీఎస్ ప్లస్ అనే గాడుల పిడి ఉన్న బిట్లు పట్టే రోటరీ హ్యామర్. అందులో పిస్టన్ గాలిని ఒత్తితే ఆ గాలి లోపలి దిమ్మని బిట్ మీదకి తోస్తుంది. దెబ్బలు నిమిషానికి నాలుగైదు వేలే, కానీ ఒక్కో దెబ్బ 2 జూళ్ల దాకా ఉంటుంది. ఒళ్లు బరువు మోపక్కర్లేదు, పట్టుకుని నిలబడితే చాలు, అదే దిగుతుంది. మధ్యలో ఇనుప ఊచ తగిలితే మోత ఒక్కసారిగా మారుతుంది. అప్పుడు ఆపేసి రెండంగుళాలు పక్కకి జరపడమే. నేను ఇదే బ్యాటరీతో నడిచే రోటరీ హ్యామర్‌ని బ్యాటరీ లేకుండా, బాడీ మాత్రం కొన్నాను. మీ ఇంట్లో గోడలన్నీ ఇటుకవైతే ఆ ఖర్చు అక్కర్లేదు. గోడలు కూడా కాంక్రీటుతో పోసిన ఇల్లయితే మటుకు హ్యామర్ డ్రిల్ ఉన్న ఐదు పీసుల సెట్ కన్నా, ఇంపాక్ట్ డ్రైవర్, రోటరీ హ్యామర్ రెండే కొనుక్కోవడం మేలు.

గ్రైండర్ సంగతి చిన్న లెక్కతో తేలిపోతుంది. 18 వోల్టులు, 2 ఏహెచ్ అంటే 36 వాట్ అవర్లు. ఇనుము కోసేటప్పుడు గ్రైండర్ 600 వాట్లు లాగిందనుకుంటే నాలుగు నిమిషాలు కూడా నిండకుండానే బ్యాటరీ ఖాళీ. అదీ కాగితం మీద. నిజానికి అంతకన్నా ముందే వేడెక్కి ఆగిపోతుంది. చిన్న బ్యాటరీలో ఐదు సెల్స్ ఒకే వరసలో ఉంటాయి, 33 ఆంపియర్ల కరెంటంతా ఒక్కో సెల్ గుండా పోవాలి. 4, 5 ఏహెచ్ బ్యాటరీల్లో చాలావరకు పది సెల్స్ రెండు వరసలుగా ఉంటాయి కాబట్టి భారం సగమవుతుంది. అంటే పెద్ద బ్యాటరీ ఎక్కువసేపు రావడమే కాదు, పరికరానికి ఎక్కువ బలం కూడా ఇస్తుంది. సర్క్యులర్ సాతో మందం ప్లైవుడ్ కోసేటప్పుడు ఈ తేడా చెవికే వినిపిస్తుంది: చిన్న బ్యాటరీతో మధ్యలో గొంతు పడిపోతుంది, పెద్దదానితో అదే వేగంతో చివరిదాకా వెళ్తుంది. కోత అంచులు చిట్లకుండా ఉండాలంటే సెట్‌తో వచ్చే 24 పళ్ల బ్లేడు తీసి 40 పళ్లది వేసుకోండి. ఇక గ్రైండర్‌తో ఒకటి రెండు బోల్టులు కోస్తే సరే, గేటు పని చేసేవాళ్లు వైరు గ్రైండరే ఉంచుకోండి.

అలాగని అన్నిటికీ పెద్ద బ్యాటరీ అనను. చేతులు పైకెత్తి సీలింగు పని చేసేటప్పుడు 2 ఏహెచ్ బ్యాటరీయే సుఖం. రెండు చిన్నవి, ఒక పెద్దది ఉంటే పని ఆగదు.

వోల్టుల విషయంలో పెట్టె మీది అంకెలు చూసి టెన్షన్ పడక్కర్లేదు. ఒక్కో లిథియం సెల్ సగటున 3.6 వోల్టులు, నిండా ఛార్జ్ అయితే 4.2. ఐదింటిని కలిపితే 18 అనీ చెప్పొచ్చు, 21 అనీ చెప్పొచ్చు. 20 వోల్ట్ మ్యాక్స్ అని రాసిందీ, 18 అని రాసిందీ ఒకటే. బ్యాటరీ సైజు అంతే ఉండి మీద 48 అనో, 88 అనో వేసి పక్కన వీఎఫ్ అని చిన్నగా ఉంటే, ఆ అంకె అసలు వోల్టులు కాదు, పట్టించుకోకండి.

ఒక పరికరం బ్యాటరీ ఇంకోదానికి పడుతుందా లేదా అన్నది మాత్రం గట్టిగా అడిగి తెలుసుకోవాలి. ఒకే కంపెనీ అయినంత మాత్రాన సరిపోదు. బాష్ ఆకుపచ్చ రంగు 18 వోల్టుల పరికరాల బ్యాటరీ అదే బాష్ నీలం రంగు ప్రొఫెషనల్ పరికరాలకి పట్టదు. మకీటా 18 వోల్టుల బ్యాటరీ దాని 40 వోల్టుల పరికరంలోకి ఎక్కదు. రయోబీ వన్ ప్లస్ మాత్రం 1996 నుంచి ఒకే తరహా అమరికతో వస్తోంది. రేపు కొనబోయే మూడో పరికరం ఏ వరసలో దొరుకుతుందో చూసుకుని మొదటి సెట్ కొనడం తెలివి.

ఇన్నేళ్లలో అరుగుదల ఎలా ఉందంటే, డ్రిల్ చక్ (బిట్‌ని పట్టే భాగం) కాస్త ఊగుతోంది, సన్న బిట్ పెడితే కొన తిన్నగా నిలవదు. డ్రిల్ కార్బన్ బ్రష్‌ల మోటారుది, బరువు పనిలో నిప్పురవ్వల వాసన వస్తుంది. బ్రష్‌లు మార్చుకుంటే మళ్లీ బాగానే తిరుగుతుంది. ఇంపాక్ట్ డ్రైవర్ బ్రష్‌లెస్, దానికి ఇప్పటిదాకా ఏ రిపేరూ రాలేదు. బ్యాటరీల్లో ఒకటి పోయింది. పరికరానికే తగిలించి నెలల తరబడి వదిలేస్తే ఛార్జ్ మెల్లగా కిందికి జారిపోయి, ఛార్జర్ ఎర్ర లైటు ఆర్పుతూ వెలిగిస్తూ తీసుకోనంది. అప్పటినుంచి రెండోదాన్ని విడదీసి, సగం ఛార్జ్‌లో, ఎండ తగలని చోట పెడుతున్నాను. పని అయిన వెంటనే వేడి మీద ఛార్జ్ పెట్టను. పూర్తిగా దిగాకే ఛార్జ్ పెట్టాలన్న పాత మెకానిక్కుల సలహా నికెల్ కాడ్మియం కాలం నాటిది. బ్లాక్ అండ్ డెక్కర్ 1961లో తెచ్చిన మొదటి కార్డ్‌లెస్ డ్రిల్‌లో ఉన్నది ఆ రకమే. లిథియంని అలా ఖాళీ చేయనక్కర్లేదు, పని మధ్యలో ఎప్పుడైనా పెట్టొచ్చు.

పోయినదాని బదులు చవకగా దొరికే పేరులేని బ్యాటరీలు కూడా చూశాను. ఆన్‌లైన్‌లో 6 ఏహెచ్ అని రాసి ఉంటాయి. వంటింటి త్రాసు మీద పెడితే విషయం బయటపడుతుంది. ఇలాంటి బ్యాటరీల్లో మామూలుగా ఉండే 18650 సైజు సెల్ ఒక్కటి దాదాపు 45 గ్రాములు, పది సెల్స్ ఉంటే అవే 450 గ్రాములు, ప్లాస్టిక్ డబ్బా బరువు దాని మీద అదనం. 6 ఏహెచ్ పేరుతో 400 గ్రాములే తూగుతోందంటే లోపల ఉన్నవి ఐదు సెల్సే.