నోట్లో ముప్పై ఏళ్లుగా పాదరసం ఫిల్లింగులు: ఒకటి ఉంచాను, ఒకటి తీయించాను

నా కింది దవడ పళ్లలో రెండింటికి వెండి ఫిల్లింగులు, అంటే పాదరసం కలిపి చేసే లోహపు ఫిల్లింగులు, పడింది తొంభైల మొదట్లో, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ ఆస్పత్రిలో. ఎడమవైపుది ఇప్పటికీ అలాగే ఉంది. కుడివైపుది కొన్నేళ్ల కిందట తీయించి, పంటి రంగులో ఉండే కాంపోజిట్ పెట్టించాను. పాదరసం అనగానే భయపడి ఉన్నపళాన తీయించేయాలనుకునే వాళ్లకు నా మాట ఒకటే. బాగున్నదాని జోలికి పోకండి, పాడైనదాన్ని మాత్రం పద్ధతిగా తీసేవాళ్ల దగ్గరే తీయించండి.

మన్నికలో వెండి ఫిల్లింగుకు వంక పెట్టలేం. అప్పట్లో హౌస్ సర్జన్ అమ్మాయి చిన్న గాజు కల్వంలో లోహపు పొడి, పాదరసం వేసి నూరి, గుడ్డలో వేసి మిగులు పాదరసం పిండేసింది. ఆ ముద్దను పంటిలో దట్టిస్తుంటే కిర్రు కిర్రుమని చప్పుడు చెవిలోకే వచ్చేది. చివర్లో నీలం కాగితం కొరికించి, ఎత్తుగా ఉన్నచోట గీకి పంపారు. రేపటిదాకా అటువైపు నమలొద్దన్నారు, అంతే. ఆ తర్వాత చెరకు ముక్కలు, జంతికలు, మాంసంలో మూలగ ఎముకలు, ఏది పడినా తట్టుకుంది. మొదట్లో చల్లనీళ్లు తాగితే జివ్వుమనేది, కొన్ని వారాలకు తగ్గింది. చాక్లెట్ మీది అల్యూమినియం రేకు పొరపాటున ఆ పంటికి తగిలితే ఇప్పటికీ చిన్న కరెంట్ షాక్ కొడుతుంది. రెండు లోహాలు, మధ్యలో లాలాజలం, బ్యాటరీ తయారన్నమాట. ఇక అందం సంగతి అడక్కండి. నల్లగా ఉంటుంది, నవ్వితే కనబడనిచోట ఉంది కాబట్టి బతికిపోయాను.

ఇక అసలు భయం. ఈ ఫిల్లింగు బరువులో సగం దాకా పాదరసమే, మిగతాది వెండి, తగరం, రాగి. గట్టిపడ్డాక కూడా నమిలినప్పుడు, పళ్లు కొరికినప్పుడు కొద్దికొద్దిగా ఆవిరి వస్తూనే ఉంటుంది. అది మైక్రోగ్రాముల లెక్క. అమెరికా, పోర్చుగల్ దేశాల్లో పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి 2006లో ప్రచురించిన రెండు అధ్యయనాల్లో, వెండి ఫిల్లింగులున్న పిల్లల మూత్రంలో పాదరసం కాస్త ఎక్కువే కనబడింది. తెలివితేటల్లో, జ్ఞాపకశక్తిలో మాత్రం కాంపోజిట్ పెట్టించుకున్న పిల్లలకీ వాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. జపాన్‌లోని మినమాటాలో జనాన్ని చంపింది ఫ్యాక్టరీ నీళ్లతో సముద్రంలో కలిసి చేపల్లో చేరిన మిథైల్ మెర్క్యురీ, అది వేరే రకం పాదరసం. ఆ భయాన్ని తెచ్చి పంటికి అతికించడం సరికాదు.

జర్మనీలో ఉన్న మా చెల్లెలి కూతురు కిందటేడు ఫోన్ చేసి, “పెద్దమ్మా, ఇక్కడ దాన్ని నిషేధించారు, నువ్వింకా నోట్లో పెట్టుకునే తిరుగుతున్నావా?” అంది. నిషేధం నిజమే. 2025 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల్లో కొత్తగా వెండి ఫిల్లింగు పెట్టడం ఆపేశారు, తప్పనిసరి వైద్య కారణముంటే తప్ప. నోట్లో ఉన్నవాటిని పీకేయమని మాత్రం ఎవరూ అనలేదు. పాదరసం డ్రైనేజీలోకి, గాల్లోకి పోతోందన్నదే అక్కడ పెద్ద బాధ. చితిలో కాలే పంటి నుంచి కూడా అది గాల్లో కలుస్తుంది మరి. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందాన్ని మన దేశం కూడా 2018లో ఆమోదించింది. 2034 నాటికి ఈ ఫిల్లింగులు పూర్తిగా ఆపేయాలని ఆ ఒప్పంద దేశాలు 2025 నవంబరులో జెనీవాలో అనుకున్నాయి.

ఈ భయాన్ని సొమ్ము చేసుకునేవాళ్లూ ఉన్నారు. పళ్లు క్లీన్ చేయించుకుందామని ఒక క్లినిక్‌కి వెళ్తే, “మేడమ్, ఇది విషం, రెండూ తీసేసి డీటాక్స్ చేద్దాం” అని, సెలైన్‌లో విటమిన్లు ఎక్కించే ప్యాకేజీ రేటు కార్డు చేతిలో పెట్టారు. రక్తపరీక్ష చేసి పాదరసం చూపిస్తామన్నారు. మాది కాకినాడ వైపు, వారానికి రెండు మూడుసార్లు చేపలు తింటాం. రక్తంలో కనబడే పాదరసం ఎక్కువగా చేపలదే కావచ్చు, ఫిల్లింగు ఆవిరి లెక్క తేలాలంటే మూత్ర పరీక్ష చేయాలి. ఆ మాట అంటే కౌన్సెలింగ్ అమ్మాయి లోపలికి వెళ్లి మళ్లీ రాలేదు. మందులు, వైద్య పరికరాల మీద నిఘా ఉంచే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో చెప్పింది కూడా నా మాటే: ఫిల్లింగు బాగుంటే తీయొద్దు, తీసేటప్పుడే ఆవిరి ఎక్కువ లేస్తుంది, మంచి పన్ను కూడా కొంత పోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, కిడ్నీ లేదా నరాల జబ్బులున్నవాళ్లకు కొత్తగా పెట్టకపోవడమే మంచిదని కూడా అదే చెప్పింది.

కుడివైపుది ఎందుకు తీయించానంటే, పంటి గోడ ఒకటి చిట్లింది. వెండి ఫిల్లింగు పంటికి అతుక్కోదు, లోపల వెడల్పుగా తొలిచిన గుంటలో ఇరుక్కుని నిలబడుతుంది. ఏళ్ల తరబడి నమిలిన బరువుకు చుట్టూ ఉన్న పలచటి గోడ పగలడం మామూలే. తీసిన డాక్టర్ ముందు పన్ను చుట్టూ రబ్బరు షీట్ బిగించారు. బెలూన్ వాసన, ముక్కుతోనే గాలి పీల్చాలి, కాస్త టెన్షన్‌గానే ఉంటుంది. నీళ్లు ధారగా కొడుతూ, పెద్ద సక్షన్ పైపు పక్కనే పెట్టి, ఫిల్లింగును పొడి చేయకుండా కోసి ముక్కలుగా లేపారు. ఆ ముక్కల్ని మూత ఉన్న సీసాలో వేశారు. మీరు వెళ్లే చోట రబ్బరు షీట్ వేస్తారా, తీసిన ముక్కలు ఎక్కడ వేస్తారు అని ముందే అడగండి. చెత్తబుట్ట చూపిస్తే లేచి వచ్చేయండి.

కాంపోజిట్‌ను పొరలు పొరలుగా వేసి, ఒక్కో పొరను నీలం లైటుతో గట్టిపరిచారు. చూడ్డానికి అసలు పన్నే. సుఖం మాత్రం వెండిదంత లేదు. పక్క పంటికీ దీనికీ మధ్య సందు మిగిలి, ఏం తిన్నా పీచు ఇరుక్కునేది. చిగురు వాచి, సందు సరిచేయించుకునేదాకా పుల్లలతోనే కాలక్షేపం. ఉమ్మి తగలకుండా ఓపిగ్గా పెట్టాల్సిన పని ఇది, తొందరపడితే అంచు దగ్గర మళ్లీ పుచ్చు పడుతుంది. ఇప్పుడు అంచున పసుపు గీత ఒకటి కనబడుతోంది, డాక్టర్ ఇంకా పర్లేదన్నారు.

ఎడమవైపు ముసలి ఫిల్లింగుకు అంచులు కాస్త అరిగాయి. ఏడాదికోసారి ఎక్స్‌రే తీయిస్తున్నాను, కింద పుచ్చు లేదు. అది కూడా పగిలితే ఈసారి కాంపోజిట్ వద్దు, పన్నులో మిగిలింది తక్కువ కాబట్టి క్యాప్ వేయించుకోమన్నారు. జిర్కోనియా అనే తెల్లటి గట్టి పింగాణీ లాంటి క్యాప్‌కు మా డాక్టర్ పదివేల దాకా చెప్పారు.