జాగ్రత్త: "ఎపాక్సీ గ్రేడ్" చాప్డ్ మ్యాట్ కొనేముందు స్టిక్కర్ గీకి చూడండి

హైదరాబాద్‌లో కాలేజీ ల్యాబులకి గ్లాస్ ఫైబర్, రెజిన్ సప్లై చేసే ఒక డీలర్ సంగతి ఇది. పేరు రాయను, ఈ పనిలో ఉన్నవాళ్లకి అర్థమైపోతుంది. మా ల్యాబుకి ఆయన దగ్గర 450 జీఎస్ఎం (చదరపు మీటరుకి 450 గ్రాముల) చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్, అంటే తరిగిన గాజు పోగుల్ని జిగురుతో అంటించిన చాప, ఫుల్ రోల్ కొన్నాం. ఎల్‌వై 556 అనే ఎపాక్సీ రెజిన్‌తో వాడతాం, బైండర్ (పోగుల్ని పట్టి ఉంచే ఆ జిగురు) ఏంటని ముందే అడిగితే "ఎపాక్సీ గ్రేడే సార్, రోల్ మీదే రాసుంది" అన్నాడు. రాసే ఉంది మరి!

ఎల్‌వై 556కి హెచ్‌వై 951 హార్డెనర్ (రెజిన్‌ని గట్టిపరిచేది) తూకంలో 100కి 10, నాలుగు పొరలు, మామూలు హ్యాండ్ లేఅప్, అంటే చేత్తో పొరలు పేర్చి రెజిన్ పట్టించడం. రెజిన్ పట్టాక మ్యాట్ మెత్తబడి అచ్చు మీద పరుచుకోవాలి. ఇది అట్టముక్కలా బిగుసుకుని, రోలర్ తియ్యగానే మూలలు పైకి లేపుతోంది. పోగుల కట్టలు తెల్లగా అలాగే ఉన్నాయి. హార్డెనర్ తప్పు కాదు, కప్పులో మిగిలింది టైముకే వేడెక్కి గట్టిపడింది.

ఏఎస్‌టీఎం డి 3039 (లాగి బలం కొలిచే టెస్టు) కోసం 250 × 25 మి.మీ. ముక్కలు కోస్తే అంచుల నిండా సూదిబెజ్జాలు. యూటీఎం అనే టెస్టింగ్ మిషన్‌లో నిమిషానికి 2 మి.మీ. చొప్పున లాగుతుంటే చాలా ముందే చిటపటలు. ఫైబర్ తెగలేదు, పొడి కట్టలు రెజిన్‌లోంచి ఊడొచ్చాయి. 565 డిగ్రీల్లో రెజిన్‌ని కాల్చేసి చూస్తే గాజు శాతం సరిగ్గానే ఉంది, సాంద్రతే తగ్గింది. అంటే లోపల గాలి.

ఎమల్షన్ బైండర్ అనే రకం జిగురు కరగాలంటే స్టైరీన్ అనే ద్రవం కావాలి. పాలిస్టర్ రెజిన్‌లో అది ఉంటుంది, ఈ ఎపాక్సీలో ఉండదు. అంతే సంగతి.

"ఎపాక్సీ కంపాటిబుల్" స్టిక్కర్ ఒక మూల లేచి ఉంటే గోటితో గీకాం. కింద ఫ్యాక్టరీ లేబుల్: "ఎమల్షన్ బౌండ్, ఫర్ యూపీ రెజిన్". యూపీ అంటే అన్‌శాచురేటెడ్ పాలిస్టర్. ఫొటో పంపి ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "పడవలు చేసేవాళ్లు ఇదే వాడుతున్నారు సార్, ఎవ్వరూ కంప్లైంట్ చెప్పలే. మీ పిల్లలకి రోలర్ కొట్టడం రాకపోతే నేనేం చేసేది?" పడవలకి వాడేది పాలిస్టర్ నాయనా! పైగా కోసిన రోల్ వాపసు తీసుకోడట. కొయ్యకుండా టెస్ట్ చేసే విద్య ఆయనే నేర్పాలి.

కొనేముందు 10 × 10 సెం.మీ. ముక్క అడగండి, 4.5 గ్రాములకి అటూఇటూ తూగాలి. అక్షరాలు ప్రింటైన కాగితం మీద పెట్టి హార్డెనర్ కలిపిన ఎపాక్సీ బ్రష్‌తో పట్టించండి. పావుగంటలో కింద అక్షరాలు కనపడకపోతే వద్దు. ఎపాక్సీకి మ్యాటే కావాలంటే దారంతో కుట్టిన స్టిచ్డ్ మ్యాట్ తీసుకోండి. ఆల్రెడీ కొనేసినవాళ్లు పారెయ్యకండి, పాలిస్టర్ పనికి బ్రహ్మాండంగా ఉంటుంది. కట్టింది మాత్రం ఎపాక్సీ గ్రేడ్ రేటు.