పాలసీ ఆపేద్దామంటే: సరెండరా, పెయిడప్పా, లోనా?

జీవిత బీమా ప్రీమియం నోటీసు చూసి "ఇంక నా వల్ల కాదు, తీసేస్తా" అనేవాళ్ళకి తీసెయ్యడంలోనే రకాలున్నాయని చాలాసార్లు తెలీదు. డబ్బు తీసుకుని తెగతెంపులు చేసుకుంటే సరెండర్. కట్టడం మానేసి, కట్టినంత మేరకే పాలసీని బతికించుకుంటే పెయిడప్. పాలసీని కుదువబెట్టి అప్పు తెచ్చుకుంటే లోను. ఇవేవీ చెయ్యక ఊరుకుంటే, గ్రేస్ పీరియడ్ (ప్రీమియం కట్టడానికి ఇచ్చే అదనపు గడువు) దాటాక పాలసీ ల్యాప్స్ కావచ్చు, అంటే ఆగిపోవచ్చు.

ఒక లెక్క వేద్దాం. 10 లక్షల ఎండోమెంట్ పాలసీ (గడువు తీరినా, మధ్యలో పోయినా డబ్బిచ్చేది), గడువు 20 ఏళ్ళు, ఏటా 50 వేలు. 8 ఏళ్ళలో కట్టింది 4 లక్షలు. బోనస్ ఏటా 25 వేల చొప్పున 2 లక్షలు జమపడింది. ఇవాళ సరెండర్ చేస్తే 3 లక్షలు ఇస్తామన్నారు. (ఇవి లెక్క కోసం నేను పెట్టుకున్న అంకెలు. మీవి మీ బాండులో, కంపెనీ ఇచ్చే కాగితంలో ఉంటాయి.)

"నాలుగు కట్టాను, రెండు బోనస్ ఉంది, మూడేమిటి?" అని ఎవరైనా మండిపడతారు. మొదటి ఏళ్ళ ప్రీమియంలో పెద్ద ముక్క కమీషన్‌కీ ఖర్చులకీ పోతుంది. ఇన్నాళ్ళూ ప్రాణానికి రక్షణ ఇచ్చినందుకూ కొంత పోతుంది. బోనస్ అంటారా, అది గడువు తీరాక ఇస్తామన్న మాట. ఇవాళే అడిగితే దాని విలువ తగ్గుతుంది.

ఆ మూడైనా ఊరికే రాలేదు. వయసుతో పాటు చావు ముప్పు పెరుగుతున్నా ప్రీమియం ఏటా ఒకటే కాబట్టి, వయసులో ఉన్నప్పుడు మనం అవసరానికి మించి కడతాం. ఆ మిగులు మనదే కదా? ఒకప్పుడు కాదనేవారు. 1844లో ఎలిజర్ రైట్ అనే అమెరికన్ లండన్ వెళ్ళి, ప్రీమియం కట్టలేని ముసలివాళ్ళ పాలసీలను రాయల్ ఎక్స్ఛేంజ్‌లో వేలం వెయ్యడం చూశాడు. కొనుక్కున్నవాడికి ఆ మనిషి ఎంత తొందరగా పోతే అంత లాభం! ఆయన పట్టుబట్టడంతోనే 1861లో మసాచుసెట్స్‌లో చట్టం వచ్చింది: ప్రీమియం ఆగినంత మాత్రాన పాలసీ మొత్తాన్ని కంపెనీ మింగేయకూడదని. సరెండర్‌కి నగదు హక్కు అక్కడ 1880లో గానీ రాలేదు.

ఇక పెయిడప్. 20లో 8 కట్టారు కాబట్టి 10 లక్షల బీమా 4 లక్షలకు తగ్గుతుంది. జమపడిన బోనస్ కలిపితే 6. గడువు తీరాక మీకు, మధ్యలో పోతే నామినీకి. కొత్త బోనస్ మామూలుగా పడదు. అంటే ఇవాళ్టి 3 లక్షలు 12 ఏళ్ళకు 6 అవుతున్నాయి, ఏడాదికి దాదాపు 6 శాతం. అంతకంటే బాగా, అంతే నమ్మకంగా పెరిగే చోటు మీకుంటే సరెండర్ మేలు. లేకపోతే పెయిడప్పే.

అసలు కట్టుకుంటూ పోతే? బోనస్ అలాగే వస్తే చివర్లో 15 లక్షలు. మొదటి రోజు నుంచి లెక్కేస్తే ఏడాదికి దాదాపు 3.7 శాతమే, ఎవరికైనా విరక్తి పుడుతుంది. కానీ పోయింది పోయింది. ఇకపై కట్టే 6 లక్షలకు, పెయిడప్ కంటే అదనంగా వచ్చేది 9 లక్షలు. ఏటా విడివిడిగా కడతారు కాబట్టి అదీ 6 శాతమే! పైగా పూర్తి 10 లక్షల రక్షణ ఉంటుంది. అందుకే పాత పాలసీని పాత కోపంతో తూచకూడదంటాను. రెండేళ్ళ పాలసీకీ పన్నెండేళ్ళ పాలసీకీ జవాబు ఒకటి కాదు.

లోను సంగతి క్లుప్తంగా చెప్తా. ఇబ్బంది నాలుగైదు నెలలదైతే అదే మంచిది: సరెండర్ విలువలో కొంత శాతం చేతికొస్తుంది, పాలసీ నిలబడుతుంది. ఏళ్ళ తరబడి వడ్డీ కట్టకుండా వదిలేస్తే మాత్రం అప్పు పెరిగి సరెండర్ విలువను దాటుతుంది, కంపెనీ పాలసీ మూసేస్తుంది. ఈలోపు మనిషి పోతే అప్పు పోను మిగతాది ఇంట్లోవాళ్ళకి.

ల్యాప్స్‌ని రివైవల్‌తో తిప్పుకోవచ్చు. బకాయి, వడ్డీ, ఆరోగ్యం మీద డిక్లరేషన్ అడుగుతారు. మధ్యలో షుగరో బీపీయో వచ్చి ఉంటే అక్కడే చిక్కు. కాస్త ఏళ్ళు కట్టిన ఎండోమెంట్ అయితే పెయిడప్‌గా మిగలొచ్చు. టర్మ్ పాలసీలో (గడువులోపు పోతేనే డబ్బిచ్చేది) మామూలుగా సరెండర్ విలువా ఉండదు, పెయిడప్పూ ఉండదు. ఆపితే ఆగిపోయినట్టే.

సరెండర్ చేసి ఆ ప్రీమియంతో టర్మ్ తీసుకుంటా అనేవాళ్ళు వరస తారుమారు చేస్తుంటారు. ముందు టర్మ్‌కి దరఖాస్తు, మెడికల్ టెస్టులు. కంపెనీ ఒప్పుకుని కొత్త బాండు చేతికొచ్చాకే పాతదాని సరెండర్ ఫారం మీద సంతకం.