టీబీ మందు పరిశోధన: ఎంజైమ్‌తో మొదలుపెట్టాలా, బ్యాక్టీరియాతోనా?

టీబీ మందుల మీద పనిచేయాలనుకునే మెడిసినల్ కెమిస్ట్ (మందుల అణువులను తయారుచేసే రసాయన శాస్త్రవేత్త) ముందు రెండు దారులుంటాయి. బ్యాక్టీరియా బతకడానికి తప్పనిసరైన ఎంజైమ్ ఒకదాన్ని ఎంచుకుని, దాన్ని ఆపే అణువును తయారుచేయడం మొదటిది. వేల అణువులను నేరుగా బతికున్న బ్యాక్టీరియా మీద వేసి, ఏది చంపుతుందో ముందు చూసి, ఎలా చంపిందో తర్వాత తేల్చుకోవడం రెండోది.

కెమిస్ట్‌కు సుఖంగా ఉండేది ఎంజైమ్ దారే. ఎంజైమ్ 3డీ ఆకారాన్ని చూపే క్రిస్టల్ నిర్మాణం కళ్లముందే ఉంటుంది. ఎక్కడ మిథైల్ చేరిస్తే ఖాళీ నిండుతుందో, ఎక్కడ నైట్రోజన్ పెడితే బంధం కుదురుతుందో ఊహించి చేయొచ్చు, ఫలితం రోజుల్లో వచ్చేస్తుంది. టీబీ బ్యాక్టీరియాకైతే ఒకటి రెండు కావడానికే 20 గంటల దాకా పడుతుంది. పైగా దాన్ని పెంచడానికి బీఎస్ఎల్-3, అంటే ప్రమాదకర క్రిములకోసం కట్టుదిట్టమైన భద్రత ఉన్న ల్యాబ్, ఉండాలి. 1998లో దాని జీనోమ్, అంటే దాదాపు 4,000 జన్యువుల జాబితా, వెలువడ్డాక అందరి చూపూ ఎంజైమ్‌ల మీద పడిందంటే పడదా మరి!

కానీ చేతికొచ్చింది తక్కువ. టీబీ ఒక్కటే కాదు, యాంటీబయాటిక్స్ అన్నింటిదీ ఇదే కథ. గ్లాక్సోస్మిత్‌క్లైన్ 1995-2001 మధ్య 67 టార్గెట్ల (మందు ఆపాల్సిన ఎంజైమ్‌ల వంటివి) మీద స్క్రీనింగ్, అంటే వేల అణువుల పరీక్ష, చేస్తే మిగిలిన లీడ్‌లు, అంటే మందుగా మలచదగ్గ అణువులు, ఐదే. శుద్ధి చేసిన ఎంజైమ్‌ను చక్కగా ఆపిన అణువు బ్యాక్టీరియా లోపలికే వెళ్లకపోవచ్చు. మైకోలిక్ ఆమ్లాలనే కొవ్వు పదార్థాలతో మైనంలా ఉండే గోడ అడ్డం పడుతుంది, దాటి వెళ్లినదాన్ని పంపులు బయటికి తోసేస్తాయి. ఇంకో చిక్కు ఐసోనియాజిడ్‌లో కనిపిస్తుంది. 1952 నుంచి వాడుతున్న ఈ టీబీ మందు ఆపేది ఇన్‌హెచ్‌ఏ అనే ఎంజైమ్‌ను. కానీ బ్యాక్టీరియాలోని క్యాట్‌జీ అనే మరో ఎంజైమ్ మందును చురుకైన రూపంలోకి మారిస్తేనే ఆ పని జరుగుతుంది. ఒక్క ఇన్‌హెచ్‌ఏ మీదే పరీక్షించి ఉంటే దాన్ని మొదటి రోజే పక్కన పడేసేవాళ్లం.

బ్యాక్టీరియా దారికి పెద్ద సాక్ష్యం బెడాక్విలిన్ అనే టీబీ మందు. జాన్సెన్ మందుల కంపెనీలో కోన్ ఆండ్రీస్ బృందం టీబీ బ్యాక్టీరియాకు బంధువైన, త్వరగా పెరిగే స్మెగ్మాటిస్ మీద అణువులను పరీక్షించింది. మందుకు లొంగని మ్యూటెంట్ల (జన్యువు మారిన బ్యాక్టీరియా) జీనోమ్ చదివితే టార్గెట్ ఏటీపీ సింథేజ్, అంటే కణానికి శక్తినిచ్చే ఏటీపీని తయారుచేసే ఎంజైమ్, అని తేలింది. ఆ వివరాలు 2005లో వచ్చాయి, 2012లో అమెరికాలో అనుమతి దొరికింది. మనిషి కణాల్లోని మైటోకాండ్రియాలోనూ ఉండే ఈ ఎంజైమ్‌ను టార్గెట్‌గా ముందే ఎంచుకునే ధైర్యం ఎవరికీ ఉండేది కాదని నా అనుమానం.

ఈ దారిలోనూ గుంటలున్నాయి. కల్చర్‌లో ఆహారంగా వేసిన గ్లిసరాల్ వల్లే పనిచేసి, ఎలుకల్లో విఫలమైన అణువుల వరుస ఒకటి 2010లో బయటపడింది. ఎన్ని స్క్రీనింగ్‌లు చేసినా డీపీఆర్‌ఈ1, ఎంఎంపీఎల్3 అనే పాత టార్గెట్లే మళ్లీ మళ్లీ తగలడం ఇంకో విసుగు. టార్గెట్ తెలియకపోతే అణువును మెరుగుపరచడం చీకట్లో తడుముకోవడమే. బెడాక్విలిన్‌కే కొవ్వు స్వభావం చాలా ఎక్కువ, శరీరంలో నెలల తరబడి ఉండిపోతుంది, ఈసీజీలో కనిపించే క్యూటీ విరామాన్ని పెంచుతుంది, అంటే గుండె లయ తప్పే ముప్పు తెస్తుంది. దాని తర్వాతి తరం టీబీఏజే-876ను తయారుచేసేటప్పుడు సరిచేయాలనుకున్నవాటిలో ఇవీ ఉన్నాయి.

అలాగని ఎంజైమ్ దారిని కొట్టిపారేయలేం. ప్రొటీన్ల తయారీకి అవసరమైన ల్యూసిల్-టీఆర్ఎన్ఏ సింథటేజ్ అనే ఎంజైమ్‌ను ఆపే గ్యాన్‌ఫెబొరోల్ టీబీ రోగుల్లో బ్యాక్టీరియాను తగ్గించిందని 2024లో ఫలితాలు వచ్చాయి. అయితే అక్కడ గ్యాన్‌ఫెబొరోల్ లాంటి బోరాన్ ఉన్న అణువులు ఆ ఎంజైమ్‌ను ఆపే తీరు, గోళ్ల ఫంగస్ మందు టావాబొరోల్ వల్ల ముందే తెలుసు. చీకట్లో వేసిన అడుగేమీ కాదది.

అందుకే నా ఓటు బ్యాక్టీరియాకే, అది కూడా మ్యూటెంట్లను పెంచి టార్గెట్ పట్టుకోగల జీవశాస్త్రవేత్తలు పక్కనే ఉంటే. పీహెచ్‌డీ గడువు దగ్గరపడుతుందని టెన్షన్ పడేవాళ్లకు మాత్రం ఎంజైమే నయం, పేపర్లు త్వరగా వస్తాయి. అప్పుడు కూడా ఆ జన్యువును అణచివేస్తే ఎలుకల్లోనూ బ్యాక్టీరియా చస్తుందని రుజువైన టార్గెట్‌నే తీసుకోవాలి. ల్యాబ్‌లో చేరేముందు ఒకటి అడగండి: నేను చేసిన అణువుకు బ్యాక్టీరియా మీద ఎంఐసీ (పెరుగుదలను ఆపే కనీస మోతాదు) ఎన్ని వారాల్లో వస్తుంది? జవాబు చెప్పడానికి నీళ్లు నమిలితే వేరే ల్యాబ్ చూసుకోండి.