విజయవాడ ఆటోనగర్ రేడియేటర్ షెడ్డు: ముందు టెస్టు, ఆ తర్వాతే స్పానర్

ఇంజన్ హీట్ ఎక్కుతుంది అనగానే హెడ్ (ఇంజన్ పై భాగం) దించేద్దాం అనే మెకానిక్కులే ఎక్కువ మనకి. అలా కాకుండా వేడి ఎందుకు ఎక్కుతుందో ముందు తేల్చి ఆ తర్వాతే బోల్టు మీద చెయ్యేసే మనిషి కావాలంటే ఆటోనగర్‌లో ఈ షెడ్డుకి వెళ్ళండి. నా వరకు 5కి 5 ఇచ్చేవాణ్ణే, ఒక్కటి ఎందుకు తగ్గించానో చివర్లో చెప్తా.

మాది 1.5 టన్నుల పాసింగ్ డీజిల్ పికప్. సీజన్‌లో నూజివీడు వైపు నుంచి నున్న మార్కెట్‌కి మామిడికాయలు, మిగతా టైమ్‌లో ఏ లోడు దొరికితే అది. ఖాళీగా తిరిగితే టెంపరేచర్ ముల్లు కదలదు, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నిలబడినా ఏం కాదు, ఫుల్ లోడు వేసి హైవే ఎక్కి కాస్త స్పీడు అందుకున్నామా ముల్లు ఎర్ర గీత వైపు పాకుతూ పోయేది. అంతకుముందు చూపించిన చోట ఒకాయన థర్మోస్టాట్ (నీళ్ళు వేడెక్కాకే రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వు) పీకేసి ఇక హీట్ అవ్వదు పో అన్నాడు, ఇంకో చోట హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు) పోయింది, హెడ్ దించాల్సిందే అన్నారు, ఏ టెస్టూ లేకుండా మాట మీదే.

ఈ మేస్త్రి గారు బానెట్ ఎత్తకముందే అడిగిన మాట ఏంటంటే, "నిలబడినప్పుడు ఎక్కుతుందా, పరిగెత్తేటప్పుడు ఎక్కుతుందా బాబూ?" సగం సంగతి అక్కడే తేలిపోతుందంట. నిలబడినప్పుడు ఎక్కి, రోడ్డు మీద గాలి తగలగానే దిగితే ఫ్యాన్ వైపు చూడాలి, అంటే ఫ్యాన్ క్లచ్, బెల్టు. లోడుతో పరిగెత్తేటప్పుడు ఎక్కితే నీళ్ళు సరిగ్గా తిరగట్లేదు, లేదా తిరిగినా వేడి బయటికి పోవట్లేదు, అంటే రేడియేటర్, వాటర్ బాడీ (నీళ్ళు తిప్పే పంపు), కింది హోస్ పైపు. మాది రెండో రకం.

ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా క్యాప్ ముట్టుకోనివ్వలేదు. మా డ్రైవర్ తొందరపడి గుడ్డ పట్టుకుని తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపారు, మూత లోపల ప్రెషర్ ఉంటుంది, తీయగానే మరిగే నీళ్ళు మొహం మీదికి ఎగదన్నుతాయి, ఇలా కాలిన పిల్లల్ని ఈ లైన్‌లోనే చూశాను అని గట్టిగానే చెప్పారు. నాకు అది చాలా నచ్చింది.

తర్వాత ఆయిల్ గేజ్ తీసి చూశారు, నురగ, తెల్లదనం ఏం లేదు, అంటే ఆయిల్‌లో నీళ్ళు కలవలేదు. ప్రెషర్ టెస్టర్ బిగించి గాలి కొట్టి వదిలేస్తే ముల్లు పడిపోలేదు, అంటే లీకు లేదు. క్యాప్‌ని విడిగా పరీక్షించారు, దాని మీద 0.9 అని ఉంది కానీ అందులో సగం కూడా పట్టట్లేదు. చూడ్డానికి చిన్న మూతే గానీ అది 0.9 బార్ ప్రెషర్ పట్టి ఉంచితే నీళ్ళు 100 డిగ్రీల దగ్గర కాదు, దాదాపు 118 దాకా మరగవు, అదే లీక్ అయితే ఆ వెసులుబాటు మొత్తం పోయి లోడు మీద నీళ్ళు పొంగిపోతాయి. ఇక గ్యాస్కెట్ సంగతి తేల్చడానికి రేడియేటర్ నోటి మీద నీలం రంగు లిక్విడ్ ఉన్న ట్యూబు పెట్టి ఇంజన్ ఆన్ చేయించారు, సిలిండర్ గ్యాస్ నీళ్ళలోకి వస్తుంటే ఆ రంగు మారిపోవాలి, ఎంతసేపు చూసినా మారలేదు. హెడ్ దించాల్సిన పనే లేదన్నమాట!

అసలు దొంగ దొరికింది టెంపరేచర్ గన్‌తో. ఇంజన్ బాగా వేడెక్కాక రేడియేటర్ మీద అంగుళం అంగుళం కొట్టి చూపించారు, అంచుల్లో వేడిగా ఉంది, మధ్యలో పెద్ద భాగం మాత్రం చాలా చల్లగా ఉంది, అంటే ఆ ట్యూబుల్లోకి వేడి నీళ్ళు వెళ్ళట్లేదు, పూడుకుపోయాయి. ఏళ్ళ తరబడి కూలెంట్ లేకుండా బోరు నీళ్ళు పోసిన బండ్లన్నిటికీ ఇదే గతి అన్నారు, ఆ ఉప్పు నీళ్ళకి లోపల సున్నం పొరలా కట్టేస్తుంది. మా బండి కొన్నదే సెకండ్ హ్యాండ్‌లో, ముందు ఓనర్ ఏం పోశాడో ఆ తుప్పు రంగు బురద చూస్తేనే అర్థమైంది. పాత రాగి రేడియేటర్ అయితే ట్యాంకు విప్పి రాడ్డింగ్ (ట్యూబుల్లో ఊచలు దూర్చి పూడిక తీయడం) చేసేవాళ్ళంట, మాది అల్యూమినియం కోర్ (ట్యూబులుండే మధ్య భాగం), ప్లాస్టిక్ ట్యాంకు, అది కుదరదు కాబట్టి కోర్ మార్చడమే అన్నారు, మార్చాం.

థర్మోస్టాట్ కూడా కొత్తది వేశారు. వేసే ముందు గిన్నెలో నీళ్ళు కాచి, థర్మామీటర్ పెట్టి, దాని మీద ముద్రించిన 82 డిగ్రీల దగ్గర నోరు తెరుస్తుందో లేదో మా కళ్ళ ముందే చూపించారు. అది పీకేస్తే చల్లగా ఉంటుందనుకోవడం తప్పంట, మా ఇంజన్‌లో అది బైపాస్ దారిని కూడా మూస్తుంది, అది లేకపోతే కొంత వేడి నీరు రేడియేటర్‌కి వెళ్ళకుండానే తిరిగి ఇంజన్‌లోకి వచ్చేస్తుంది, లోడు మీద ఇంకా ఎక్కువ హీట్ అవుతుంది. ఈ ముక్క పికప్ నడిపే ప్రతి ఒక్కరికీ తెలియాలి, రోడ్డు మీద థర్మోస్టాట్ పీకేసిన బండ్లు ఉంటాయి.

కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోసి, గాలి బుడగలు పోయేదాకా ఇంజన్ నడిపించి, ఆ తర్వాత లోడుతో గన్నవరం దాకా వెళ్ళి రమ్మన్నారు, వచ్చాకే డబ్బులు తీసుకున్నారు. ముల్లు మధ్యలో నుంచి కదల్లేదు. ఖర్చు కోర్‌కే ఎక్కువ అయింది, కూలి న్యాయంగానే ఉంది, వేరే చోట హెడ్ పనికి చెప్పిన దాంట్లో సగం కూడా కాలేదు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే కూర్చోడానికి నీడ లేదు, ఎండాకాలంలో మధ్యాహ్నం అక్కడ నిలబడ్డం చాలా కష్టం, బిల్లు కూడా అడిగితేనే చిన్న చీటీ మీద రాసిస్తారు, ఓనర్‌కి లెక్క చూపించాల్సిన డ్రైవర్లకి అది ఇబ్బంది. ఫోన్‌లో రేటు అడిగితే బండి చూడకుండా చెప్పను అంటారు, కోపం తెచ్చుకోకండి. ఆదివారం తీయరు. పొద్దున్నే బండి చల్లగా ఉండగా వెళ్తే క్యాప్, ప్రెషర్ టెస్టులు వెంటనే అయిపోతాయి, మధ్యాహ్నం వేడి బండితో వెళ్తే చల్లారేదాకా ఆగాల్సిందే.